ఒక రెప్ప వెంట్రుకకు ఒక్కటే: క్లాసిక్ ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు అంటించే పద్ధతి

పెళ్ళికూతురికి రిసెప్షన్ రోజు పెట్టే స్ట్రిప్ లాషెస్‌ను (ఒకే పట్టీగా వచ్చే కృత్రిమ రెప్ప వెంట్రుకలను) రాత్రి పడుకునే ముందు తీసేస్తారు. ఎక్స్‌టెన్షన్ అలాంటిది కాదు. ఇది ఒక విడి కృత్రిమ పోగు. సొంత రెప్ప వెంట్రుకకే అంటుకుని, ఆ వెంట్రుక రాలే రోజు దాకా దాంతోనే ఉంటుంది. మనం పెట్టిన బరువును ఆ వెంట్రుక కుదురు వారాల తరబడి మోయాలన్న మాట. ఇక్కడ చెప్పేదంతా క్లాసిక్ సెట్ గురించే: ఒక సహజ వెంట్రుక మీద ఒక్క ఎక్స్‌టెన్షన్. వాల్యూమ్ ఫ్యాన్ల (ఒకే వెంట్రుక మీద విసనకర్రలా విప్పి పెట్టే సన్న పోగుల) జోలికి వెళ్ళాలన్నా ముందు ఇది చేతికి రావాలి. వేగం కోసం నాలుగైదు వెంట్రుకలకు కలిపి ఒక గుత్తి అంటించే పని మాత్రం ఎవరు అడిగినా చేయకండి. ఎందుకో వెంట్రుక సంగతి తెలిస్తే అర్థమవుతుంది.

వెంట్రుక ఎంత మోయగలదు

పై రెప్పకు సుమారు 90 నుంచి 150 వెంట్రుకలుంటాయి. ఒకే గీత మీద కాదు, రెండు మూడు వరసల్లో అడ్డదిడ్డంగా మొలుస్తాయి. చాలామందికి పొడవు 8 నుంచి 12 మి.మీ. మధ్య ఉంటుంది. పక్కపక్కనే ఉన్నా ఒక్కోదాని వయసు ఒక్కోలా ఉంటుంది. ఒకటి ఇప్పుడే మొలుస్తుంటుంది, దాని పక్కది ఎదగడం ఆపేసి ఉంటుంది, ఇంకోటి రేపో మాపో రాలేలా ఉంటుంది. ఒక్కో కంటి నుంచి రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా రాలడం మామూలే.

వేర్వేరు వయసుల వెంట్రుకలు రెండు కలిసి అంటుకుపోతే, ఎదిగేది ఎదగని దాన్ని లాగుతుంది. కస్టమర్ "రెప్ప దగ్గర ఎవరో గిల్లుతున్నట్టుంది" అంటే చాలాసార్లు కారణం ఇదే. నెలల తరబడి ఇలాగే సాగితే కుదురు దెబ్బతిని అక్కడ ఖాళీ పడుతుంది. గుత్తులు అంటించిన కళ్ళలో జరిగేది ఇదే. పొట్టిగా, సన్నగా, లేత రంగులో కనిపించే పిల్ల వెంట్రుకలు ఉంటాయి. వాటి మీద ఏదీ పెట్టకండి. మూడు వారాల తర్వాత రిఫిల్‌కు (రాలిన చోట కొత్తవి పెట్టించుకోవడానికి) వచ్చినప్పుడు మీకు పనికొచ్చేవి అవే.

ఎక్స్‌టెన్షన్ ప్యాకెట్ మీద మింక్ అనో సిల్క్ అనో రాసి ఉన్నా, చాలావరకు లోపల ఉండేది పిబిటి అనే ప్లాస్టిక్ పోగే. చూసుకోవాల్సినవి మూడు: లావు, పొడవు, వంపు. వీటిలో ఎక్కువ మంది పొరబడేది లావు దగ్గర. 0.15 మి.మీ. అంటే 0.10 కన్నా కొంచెమే లావు అనిపిస్తుంది. కానీ బరువు అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. అదే పొడవుకు 0.15 బరువు 0.10 బరువుకు రెండుంబావు రెట్లు. 0.20 అయితే ఏకంగా నాలుగు రెట్లు. సన్న వెంట్రుకలకు 0.10, మామూలు వాటికి 0.12 సరిపోతాయి. వెంట్రుక నిజంగా బలంగా ఉంటేనే 0.15. "బాగా ఒత్తుగా కనబడాలి" అని 0.20 అడిగితే, ఆ ఒత్తు రెండు వారాలకు మించి నిలవదని ముందే చెప్పేయండి.

పొడవు విషయంలో సహజ వెంట్రుక కన్నా 2 మి.మీ., మరీ అయితే 3 మి.మీ. ఎక్కువ ఉండొచ్చు. అంతకు మించితే ముందుకు బరువై తిరగబడుతుంది. వంపుల్లో జె దాదాపు తిన్నగా ఉంటుంది. బి, సి, డి వరసగా ఎక్కువ వంపు. మన దగ్గర ఎక్కువగా నడిచేవి సి, డి. వెంట్రుకలు నిలువుగా కిందికి దిగి ఉన్నవాళ్ళకు అడుగు చదునుగా ఉండే ఎల్ బాగా కూర్చుంటుంది, ఎందుకంటే అంటుకునే చోటు ఎక్కువ దొరుకుతుంది.

గ్లూ, గదిలో గాలి

ఈ పనిలో సగం తప్పులు చేతివి కావు, గాలివి. లాష్ గ్లూ అంటే సైనోయాక్రిలేట్. దీన్ని ఆరడం అంటాం కానీ, నీళ్ళు ఆవిరైతే పెయింట్ ఆరినట్టు కాదు ఇది. గాలిలోని తేమ తగిలితేనే ఇది గట్టిపడుతుంది. తేమ ఎక్కువైతే తొందరగా, తక్కువైతే ఆలస్యంగా. ఎక్కువ గ్లూలకు గది ఉష్ణోగ్రత 20 నుంచి 24 డిగ్రీలు, తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే సరిపోతుంది. మీ సీసా మీద వేరే అంకె రాసి ఉంటే దాన్నే పట్టుకోండి. తేమ కొలిచే ఒక డిజిటల్ హైగ్రోమీటర్ కొని, బెడ్ తల వైపు, కస్టమర్ ముఖం ఎత్తులో పెట్టుకోండి. గోడకు తగిలిస్తే అది గోడ దగ్గర తేమ చెబుతుంది, కంటి దగ్గరది కాదు.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో, వానాకాలంలో అయితే మరీనూ, కిటికీ తెరిచిన గదిలో తేమ 75, 80 దాటుతుంది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ వెంట్రుకను చేరేలోపే గ్లూ పైన పొర కట్టేస్తుంది. అంటుకున్నట్టే ఉంటుంది, మర్నాటికి రాలిపోతుంది. రాలిన దాని మొదలు చూడండి: తెల్లగా, పెళుసుగా ఉంటే గ్లూ ముందే గట్టిపడిందని అర్థం. ఏసీని అరగంట ముందే వేసి, కిటికీలు మూసి, తేమ దిగాక మొదలుపెట్టండి. అయినా దిగకపోతే నెమ్మదిగా పట్టే గ్లూ తీసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఎలాగూ 2 నుంచి 4 సెకన్లలో పట్టేదే మంచిది. అర సెకను గ్లూ అనుభవం ఉన్న చేతులకే.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు దీనికి పూర్తిగా ఎదురు. బయట తేమ 30 శాతం కిందికి పడుతుంది, ఏసీ ఉన్నది కాస్తా లాగేస్తుంది. గ్లూ పచ్చిగా ఉండిపోయి, పెట్టిన ఎక్స్‌టెన్షన్ పక్కకు వాలి పొరుగు వెంట్రుకను పట్టుకుంటుంది. పచ్చి గ్లూ నుంచి ఆవిరి కూడా ఎక్కువసేపు వస్తుంది కాబట్టి కళ్ళు మండుతాయి. హ్యుమిడిఫైయర్ ఉంటే సరే. లేకపోతే గదిలో ఒక మూల తడి టవల్ ఆరేయండి. ఎయిర్ కూలర్ కూడా పనికొస్తుంది కానీ గాలి బెడ్ మీదికి రాకూడదు, గోడ వైపు తిప్పి పెట్టండి.

సీసాను మూత గట్టిగా ఉండగానే 30 నుంచి 60 సెకన్లు బాగా ఊపండి. నల్ల రంగు, చిక్కదనం ఇచ్చేవి అడుగున దిగి ఉంటాయి. తర్వాత మూత తీసి, కొన నుంచి గాలి పోనిచ్చి, సీసాను నిలువుగా తలకిందులు చేసి జేడ్ రాయి మీదో గ్లూ రింగులోనో ఒక్క చుక్క వేయండి. కొనను నూలు రాని టిష్యూతో తుడిచి వెంటనే మూత పెట్టేయండి. చుక్కను 15, 20 నిమిషాలకోసారి మార్చాలి. అంతకు ముందే దారంలా సాగుతుంటే అప్పుడే మార్చేయాలి. తెరిచిన సీసా నాలుగు నుంచి ఆరు వారాలు. తెరిచిన తేదీ సీసా మీదే రాసుకోండి. సిలికా జెల్ సంచులు వేసిన గాలి చొరని డబ్బాలో నిలువుగా పెట్టండి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీసిన ప్రతిసారీ లోపల నీటి చెమ్మ పట్టి గ్లూ పాడవుతుంది.

ఒక హెచ్చరిక. ఒలికిన సైనోయాక్రిలేట్‌ను దూదితో తుడవకండి. దూదితో, నూలుతో కలిస్తే అది ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలేంత దాకా వెళుతుంది. ఇంట్లో బొమ్మలు, చెప్పులు అతికించే ఇన్‌స్టంట్ గ్లూ కూడా ఈ కుటుంబానిదే. దాన్ని కంటి దగ్గరికి రానివ్వకూడదు.

ఎవరికి చేయకూడదు

కళ్ళకలక, కంటికురుపు, రెప్ప మొదళ్ళలో చుండ్రులా పొలుసులు, ఇటీవలి కంటి ఆపరేషన్: వీటిలో ఏది ఉన్నా కంటి డాక్టరు సరే అనే దాకా ఆగాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళకు, రెప్ప వెంట్రుకలు పీక్కునే అలవాటు ఉన్నవాళ్ళకు వద్దనే చెప్పండి. యాక్రిలిక్ గోళ్ళ వల్ల గానీ, బ్యాండ్ ఎయిడ్ లాంటి పట్టీల వల్ల గానీ దురద వచ్చిందా అని తప్పక అడగండి. కొన్ని గ్లూలలో లేటెక్స్ ఉంటుంది. బెలూన్లు, రబ్బరు గ్లవ్స్ పడని వాళ్ళు ఆ గ్లూకు దూరం.

కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ చేయండి. పూర్తి సెట్‌కు వాడబోయే అదే గ్లూతో, ఒక్కో కంటి చెవి వైపు కొసన మూడు నాలుగు ఎక్స్‌టెన్షన్లు పెట్టి పంపేయండి. ఏమీ కాకపోతే ఇక ఎప్పటికీ ఏమీ కాదని కాదు. రెండేళ్ళు బాగానే పడిన మనిషికి కూడా అలర్జీ మొదలవ్వొచ్చు. ఒకసారి మొదలైతే మళ్ళీ పోదు. గ్లూ బ్రాండ్ మార్చి ప్రయత్నిద్దాం అనుకోకండి, ఏ బ్రాండులో అయినా ఉండేది అదే సైనోయాక్రిలేట్.

కళ్ళను సిద్ధం చేయడం

కాంటాక్ట్ లెన్సులు తీయించండి. మన దగ్గర అసలు పని కాటుకతో. రోజూ కాటుక పెట్టుకునేవాళ్ళకు పైకి శుభ్రంగా కనిపించినా వెంట్రుకల మొదళ్ళలో జిడ్డు పొర ఉంటుంది. ఒత్తుగా పెరుగుతాయని రాత్రిళ్ళు రెప్పలకు ఆముదం రాసుకునేవాళ్ళూ చాలామందే. అపాయింట్‌మెంట్‌కు రెండు రోజుల ముందు నుంచి ఆ రెండూ ఆపమని ఫోన్లోనే చెప్పండి. తలకు కొబ్బరి నూనె పెట్టుకుని రావద్దని కూడా.

నూనె లేని లాష్ షాంపూ నురుగును మెత్తటి బ్రష్‌తో మొదలు నుంచి కొన వైపుకు, రెండు దిక్కులా ఒక నిమిషం రుద్దండి. సెలైన్‌తో కడిగి, టిష్యూతో అద్ది, చిన్న ఫ్యాన్‌తో పూర్తిగా ఆరనివ్వండి. మైక్రోబ్రష్ మీద కాస్త ప్రైమర్ (మిగిలిన జిడ్డు తీసే ద్రవం) తీసుకుని వెంట్రుకల మొదళ్ళకు మాత్రమే తాకించి మళ్ళీ ఆరబెట్టండి. తడి మిగిలితే గ్లూ అక్కడికక్కడే తెల్లబడుతుంది.

కింది వెంట్రుకలను కప్పుతూ జెల్ ప్యాడ్ పెట్టండి. ప్యాడ్ అంచు కంటి లోపలి తడి అంచుకు 1, 2 మి.మీ. ఇవతలే ఉండాలి. కళ్ళు మూసుకున్నాక ప్యాడ్ జరుగుతుంది కాబట్టి, ముందు పైకి చూడమని పెట్టి, మూయించి, "ఎక్కడైనా గుచ్చుకుంటోందా?" అని అడగండి. కొంచెం గుచ్చుకున్నా తీసి మళ్ళీ పెట్టాలి. రెండు గంటల తర్వాత కంటి తెల్లగుడ్డు మీద ఎర్ర గీత కనిపిస్తే అది ప్యాడ్ అంచు గీసిందే.

ఇంకో సంగతి. పడుకున్నాక చాలామంది కళ్ళు సన్నగా తెరుచుకుంటాయి, వాళ్ళకే తెలియదు. కాళ్ళ వైపు నుంచి వంగి, మొబైల్ టార్చ్ వేసి చూడండి. రెప్పల మధ్య సన్నని తడి మెరుపు కనిపిస్తే కళ్ళు మూసుకోలేదన్న మాట. పై రెప్పను మైక్రోపోర్ టేపు ముక్కతో నెమ్మదిగా కిందికి దించి సరిచేయండి. దీన్ని వదిలేస్తే గ్లూ ఆవిరి తిన్నగా కంట్లోకి పోతుంది.

గుర్తులు పెట్టుకోవడం

ప్యాడ్ మీద పెన్నుతో కంటి వెడల్పును ఐదు భాగాలు చేసి పొడవులు రాసుకోండి. సహజంగా కనిపించాలంటే ముక్కు వైపు నుంచి 8, 9, 10, 11, 10. మధ్యలో ఎత్తు కావాలంటే 8, 10, 11, 10, 9. ఒక పొడవు నుంచి ఇంకో పొడవుకు మారే చోట రెండింటినీ కలిపి పెట్టాలి, లేకపోతే మెట్లలా కనిపిస్తుంది. ముక్కు వైపు మూలలో ఎప్పుడూ పొట్టివే, 0.10 లావే. కొస కిందికి వాలిన కళ్ళున్నవాళ్ళు క్యాట్ ఐ (కొసన అన్నిటికన్నా పొడవుండే ఆకారం) అడుగుతారు. పొడవు కొసన పెడితే ఆ కన్ను ఇంకా వాలినట్టు కనిపిస్తుంది. వాళ్ళకు పొడవును కనుబొమ్మ వంపు కిందికి జరిపి, కొసన ఒక మి.మీ. తగ్గించి, వంపు మాత్రం పెంచండి.

అంటించడం

ఎడమ చేతిలో తిన్నటి ట్వీజర్, కుడి చేతిలో వంపు ట్వీజర్. ఎడమచేతి వాటం వాళ్ళకు తారుమారు. కస్టమర్ తల మీ ఛాతీ ఎత్తులో ఉండేలా బెడ్ సర్దుకోండి. మోచేతులు గాలిలో ఉంటే పది నిమిషాల్లో చేయి వణుకుతుంది. మణికట్టు నుదుటి పక్కన దిండు మీద ఆనించండి.

తిన్నటి ట్వీజర్ మొనలను మూసి వెంట్రుకల గుంపులోకి దించి, మెల్లగా తెరిస్తే వెంట్రుకలు పక్కలకు జరుగుతాయి. ఆ సందులో ఒకే ఒక్క వెంట్రుక నిలబడాలి. ఒక్కటే అనిపిస్తే చాలదు. మొదట్లో భూతద్దం పెట్టి చూడండి, దాని నీడలో పిల్ల వెంట్రుక ఒకటి దాక్కుని ఉంటుంది. దాన్ని కూడా పక్కకు నెట్టాకే రెండో చేయి కదలాలి.

వంపు ట్వీజర్‌తో ఎక్స్‌టెన్షన్‌ను కొన నుంచి మూడో వంతు దగ్గర పట్టి స్ట్రిప్ నుంచి ఊడదీయండి. మొదలు వైపు 2, 3 మి.మీ. మేర గ్లూలో ముంచి, నెమ్మదిగా, తిన్నగా బయటికి లాగండి. విసురుగా లాగితే మొదట్లో ముత్యంలా గుండు కడుతుంది. ఆ గుండును చుక్క అంచుకు తాకించి వదిలించుకోవాలి. కావలసింది సన్నటి తడి పూత, అంతే.

ఇప్పుడు సహజ వెంట్రుక మీద, మొదలు కన్నా కాస్త పైన ఒకసారి తాకించి కిందికి జార్చి, చర్మానికి 0.5 నుంచి 1 మి.మీ. దూరంలో ఆపండి. గ్లూ చర్మాన్ని తాకితే దురద, అలర్జీ. మరీ దూరంగా పెడితే వెంట్రుక ఎదిగే కొద్దీ బరువు ముందుకు జరిగి వారానికే మెలిక తిరుగుతుంది. రెండు వెంట్రుకలూ కనీసం 2, 3 మి.మీ. పొడవునా ఒకదాన్నొకటి హత్తుకుని ఉండాలి. మొదట్లో మాత్రమే అంటి, పైన సందు కనిపిస్తే నిలవదు. మీ గ్లూ ఎన్ని సెకన్లదో అంతసేపు పట్టి వదలండి. ఎడమ ట్వీజర్‌ను మాత్రం ఇంకో రెండు సెకన్లు ఉంచండి. చాలామంది రెండు చేతులూ ఒకేసారి తీసేస్తారు, పక్క వెంట్రుకలు వచ్చి అంటుకుపోయేది సరిగ్గా అప్పుడే.

పైన పెట్టడం మామూలు పద్ధతి. వెంట్రుక ఒక పక్కకు వంకర తిరిగి ఉంటే, దాని వంపుకు ఎదురు పక్కన అంటిస్తే తిన్నగా కనిపిస్తుంది.

మొదట ఎక్స్‌టెన్షన్లను కొసన ఒకటి, మధ్యలో ఒకటి, మూలలో ఒకటి పెట్టి, మధ్యలో ఖాళీలు పూరిస్తూ రండి. పక్కపక్క వాటిని వెంటవెంటనే పెట్టకూడదు. పది, పదిహేను పెట్టాక రెండో కంటికి వెళితే ఇక్కడివి గట్టిపడే సమయం దొరుకుతుంది, రెండు కళ్ళూ సమంగా కూడా వస్తాయి. కింది వరస ముందు, పై వరస తర్వాత. పై వరసను టేపుతో పైకి ఎత్తి పెడితే కిందివి విడివిడిగా కనిపిస్తాయి. చేయి తిరిగినవాళ్ళకు పూర్తి సెట్‌కు గంటన్నర, రెండు గంటలు. కొత్తవాళ్ళకు మూడు, నాలుగు గంటలు పట్టినా తప్పు లేదు. అంతసేపు పడుకోలేకపోతే సగం సాంద్రతతో ఆపండి.

విప్పి చూడటం

కళ్ళు తెరిపించే ముందు ట్వీజర్ మొనతో మూల నుంచి కొస దాకా, రెండు మి.మీ.లకోసారి మొదళ్ళ మధ్య నుంచి పైకి నడపండి. ఎక్కడ అడ్డుపడితే అక్కడ రెండు అతుక్కున్నాయి. రెండు ట్వీజర్లతో రెండింటినీ పట్టి, కుదురు వైపు లాగకుండా, పక్కలకు విడదీయండి. రాకపోతే రిమూవర్‌తో ఆ ఒక్కదాన్నే తీసేయండి. తర్వాత బ్రష్‌తో దువ్వి, చిన్న ఫ్యాన్‌తో ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి, ప్యాడ్‌ను కొద్దిగా నీటితో తడిపి తీయండి.

తెరవగానే తెల్లగుడ్డు మొత్తం ఎర్రబడి కొన్ని గంటల్లో తగ్గితే అది సాధారణంగా ఆవిరి వల్ల మంట. మర్నాడో ఎల్లుండో రెండు రెప్పలూ వాచి, దురద పెడితే అలర్జీ. అలాంటప్పుడు ఎక్స్‌టెన్షన్లు తీసేసి డాక్టరు దగ్గరికి పంపాలి. గ్లూ చుక్క కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీటితో 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. రెప్పలు అంటుకుపోయినా లాగి విడదీయకుండా, రిమూవర్ వేయకుండా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంటికి పంపేటప్పుడు

ఎంతసేపు తడపకూడదో గ్లూ తయారీదారు చెప్పిందే చెప్పండి. చాలావాటికి అది ఒక రోజు. ఆ తర్వాత మాత్రం రోజూ లాష్ షాంపూతో కడగాల్సిందే. ఊడిపోతాయన్న భయంతో కడగడం మానేస్తే మొదళ్ళలో జిడ్డు పేరుకుని రెప్ప వాస్తుంది. కాటుక లేకుండా ఉండలేమంటే కింది రెప్పకు మాత్రమే, నూనె లేని పెన్సిల్‌తో. బోర్లా పడుకోవద్దు. పొయ్యి దగ్గర, పూరీల మూకుడు మీదికి వంగినప్పుడు వచ్చే సెగకు కొనలు ముడుచుకుపోతాయి. ఈ పోగు ప్లాస్టిక్ కదా.

రిఫిల్ రెండు, మూడు వారాలకు. వచ్చినప్పుడు 40 శాతం దాకా మిగిలి ఉంటేనే రిఫిల్ చేయండి. అంతకన్నా తక్కువైతే అన్నీ తీసి కొత్త సెట్ వేయడం మేలు. ఎదిగి ముందుకు జరిగిన పాతవాటిని కూడా వదలకుండా తీయాలి.

తీయడానికి క్రీమ్ రిమూవరే వాడండి, నీళ్ళలా ఉండేది కంట్లోకి జారుతుంది. అసిటోన్ ఊసే వద్దు. కింద ప్యాడ్ పెట్టి, కళ్ళు గట్టిగా మూయించి, అంటించిన చోట మాత్రమే క్రీమ్ రాసి, సీసా మీద చెప్పినంతసేపు ఆగండి. ఎక్స్‌టెన్షన్‌ను ట్వీజర్‌తో తాకితే దానంతటదే జారి రావాలి. జారకపోతే లాగకండి, మళ్ళీ క్రీమ్ రాసి ఇంకో రెండు నిమిషాలు ఆగండి. అన్నీ వచ్చాక తడి టిష్యూతో క్రీమ్ అంతా తుడిచి, షాంపూతో రెండుసార్లు కడిగాకే కళ్ళు తెరవమనండి.